టైమ్‌టేబుల్‌లో చదువుకు చోటేది?

మధ్యాహ్నం మూడింటికి మా యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్తే సగానికి పైగా కుర్చీలు ఖాళీగా కనిపించేవి. కోస్తాలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పాను. లైబ్రరీలో ఏసీ ఉంది, వైఫై ఉంది, మంచి పుస్తకాలున్నాయి. పిల్లలే లేరు. ఒకసారి లైబ్రేరియన్‌ని అడిగితే, "వాళ్లు క్లాసుల్లో ఉన్నారు కదండీ, ఇక్కడికి ఎప్పుడొస్తారు?" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఆ మాట చాలాకాలం మనసులో ఉండిపోయింది. పిల్లలు చదవడం లేదని స్టాఫ్ రూమ్‌లో రోజూ బాధపడే మేమే, వాళ్లు సొంతంగా కూర్చుని చదువుకునే గంట అంటూ లేకుండా చేశాం.

తెలుగు రాష్ట్రాల్లో ఈ యూనివర్సిటీలు చాలావరకు గత ఇరవై ఏళ్లలో వచ్చినవే. గీతం 2007లో, విజ్ఞాన్ 2008లో, కేఎల్ 2009లో డీమ్డ్ హోదా, అంటే యూనివర్సిటీతో సమానమైన గుర్తింపు పొందాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 ప్రైవేటు యూనివర్సిటీల చట్టం తర్వాత అమరావతి ప్రాంతంలో వీఐటీ, ఎస్ఆర్ఎం క్యాంపస్‌లు 2017లో మొదలయ్యాయి. తెలంగాణ 2018లో చట్టం చేసింది. 2020లో మహీంద్రా, వోక్సెన్, మల్లారెడ్డి, అనురాగ్, ఎస్ఆర్ యూనివర్సిటీలకు అనుమతి వచ్చింది. వీటిలో కొన్ని అంతకుముందు ఇంజినీరింగ్ కాలేజీలు. యూనివర్సిటీ అయ్యాక సిలబస్ సొంతంగా రాసుకోవచ్చు, పరీక్షలు సొంతంగా పెట్టుకోవచ్చు. ఆ స్వేచ్ఛను ఎలక్టివ్‌లకూ మైనర్ డిగ్రీలకూ బాగానే వాడుకున్నాయి. పీరియడ్ల గంట, హాజరు పట్టిక మాత్రం పాత కాలేజీలో ఉన్నట్టే ఉండిపోయాయి.

ఇక్కడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో ఉండి వచ్చినవాళ్లు. తెల్లారకముందే స్టడీ అవర్, పగలంతా క్లాసులు, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారాంతంలో పరీక్ష. ఏ గంటలో ఏం చదవాలో ఇంకొకరు చెప్పడానికి అలవాటు పడ్డారు. పద్దెనిమిదేళ్ల వయసులో మొదటిసారి ఆ అలవాటు నుంచి బయటపడే అవకాశం యూనివర్సిటీయే ఇవ్వాలి. ఇస్తున్నది మాత్రం కాస్త పెద్ద గదులు, కాస్త మంచి క్యాంటీన్ ఉన్న ఇంకో స్టడీ అవర్.

లెక్క చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నమూనా సిలబస్ ప్రకారం బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు సగటున 20. యూనివర్సిటీలను చూసే యూజీసీ 2023లో తెచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ఏడాదికి 40 క్రెడిట్లు, 1200 గంటలు అంటుంది. ఆ 1200 గంటల్లో క్లాసు ఒక్కటే కాదు, ల్యాబు, అసైన్‌మెంటు, గదిలో కూర్చుని చదువుకునే సమయం అన్నీ కలిసే ఉన్నాయి. సెమిస్టర్‌కు 600 గంటలు. పదిహేను వారాలకు పంచితే వారానికి 40. వారానికి క్లాసులో గంట పాఠానికి ఒక క్రెడిట్, ల్యాబులో రెండు గంటలకు ఒక క్రెడిట్. 14 క్రెడిట్లు పాఠాలు, 6 క్రెడిట్లు ల్యాబులు అనుకుంటే వారానికి 26 గంటలు క్లాసులో గడుస్తాయి. మిగిలిన 14 గంటలు విద్యార్థి సొంతం కావాలి. ఈ లెక్కే క్రెడిట్ పద్ధతికి ప్రాణం.

మా టైమ్‌టేబుల్‌లో రోజుకు ఏడు పీరియడ్లు, వారానికి అయిదు రోజులు. క్లాసులు పోగా ఎక్కడైనా గళ్లు మిగిలితే అందులో సాఫ్ట్ స్కిల్స్, ఆప్టిట్యూడ్, మెంటరింగ్ వచ్చి కూర్చునేవి. మూడో ఏడు నుంచి ప్లేస్‌మెంట్ల కోసం సీఆర్‌టీ, అంటే క్యాంపస్ ఉద్యోగాల శిక్షణ క్లాసులు. ఆ 14 గంటలు రాత్రి హాస్టల్లో దొరకాలి. అప్పటికి పిల్లవాడికి ఓపిక ఉండదు.

పైగా 75 శాతం హాజరు. తగ్గితే కండొనేషన్, అంటే మన్నింపు అడగాలి; ఇంకా తగ్గితే డిటెండ్, అంటే పరీక్ష రాయనివ్వరు. ఈ నియమం ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. అప్పుచేసి ఫీజు కట్టిన తండ్రికి, కొడుకు క్లాసులో ఉన్నాడో లేడో తెలియాలి కదా. హాజరు మెసేజ్ ఫోన్‌కు రాగానే ఆయన ఊపిరి పీల్చుకుంటాడు. ఆ టెన్షన్‌ను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ మెసేజ్ చెప్పేది పిల్లవాడు ఆ గదిలో ఉన్నాడని మాత్రమే. వెనక బెంచీలో కూర్చుని వేరే సబ్జెక్టు రికార్డు రాసుకుంటున్నా మెసేజ్ అదే వస్తుంది.

ఒక సెమిస్టర్‌లో నేను చిన్న ప్రయత్నం చేశాను. గురువారం మధ్యాహ్నం వరసగా ఉన్న రెండు పీరియడ్లను పాఠం లేకుండా వదిలేశాను. అంతకుముందు చెప్పినదాంట్లోంచి ఒక సమస్య ఇచ్చి, ఎక్కడైనా కూర్చుని చేసుకోండి, నేను నా గదిలోనే ఉంటాను అన్నాను. మొదటి రెండు వారాలు క్లాసు మొత్తం హాస్టల్‌కు వెళ్లి నిద్రపోయింది. మూడో వారం నలుగురు వచ్చారు. అయిదో వారానికి అరవైమందిలో పద్దెనిమిది మంది దాకా లైబ్రరీలో, ల్యాబు వరండాలో గుంపులుగా కూర్చుని వాదించుకుంటూ కనిపించారు. ఏడాదిన్నరగా క్లాసులో నోరు విప్పని ఒక అమ్మాయి నా గదికి వచ్చి, మీరు ఇచ్చిన లెక్కలోనే తప్పుంది సార్ అంది. నిజంగానే ఉంది. ఆరోజు నాకు కలిగిన సంతోషం ఏ రిజల్ట్ షీట్ చూసినా కలగలేదు.

ఆరో వారం డిపార్ట్‌మెంట్ నుంచి పిలుపు వచ్చింది. ఆ పీరియడ్లు సిస్టమ్‌లో ఖాళీగా కనిపిస్తున్నాయని, ఇన్‌స్పెక్షన్‌లో సమాధానం చెప్పుకోవాల్సి వస్తుందని అన్నారు. మళ్లీ పాఠం మొదలుపెట్టాను.

ఖాళీ ఇస్తే పిల్లలు ఫోన్లు చూస్తారు అంటారు. చూస్తారు. నా క్లాసులో మూడింట రెండువంతుల మంది చివరిదాకా రాలేదు, అది దాచను. కానీ రెండేళ్లు సొంత గంట అనేదే తెలియని పిల్లలు దాన్ని వాడుకోవడం అయిదు వారాల్లో నేర్చుకుంటారా? అది కూడా ఒక చదువే. నాలుగేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు మొదలుపెట్టాలి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే కొత్త లాంగ్వేజీ ఇచ్చి నేర్చుకోమంటారు. అక్కడ చెప్పేవాళ్లెవరూ ఉండరు.

అమ్మాయిల సంగతి వేరుగా చెప్పాలి. చాలా క్యాంపస్‌లలో వాళ్ల హాస్టల్ గేటు అబ్బాయిల హాస్టల్ కంటే ముందే మూసేస్తారు. పగలు టైమ్‌టేబుల్ నిండిపోయి, సాయంత్రం గేటు పడిపోతే, రోబోటిక్స్ క్లబ్‌లో రాత్రి పదింటిదాకా కూర్చుని సర్క్యూట్ సరిచేసే అవకాశం వాళ్లకు ఎక్కడుంది? మా దగ్గర క్లబ్బులో పని నేర్చుకున్న పిల్లలు క్లాసులో కంటే అక్కడే ఎక్కువ నేర్చుకున్నారని నేను నమ్ముతాను. ఫీజు ఇద్దరికీ ఒకటే అయినప్పుడు ల్యాబు తాళం కూడా ఇద్దరికీ ఒకే సమయానికి వేయాలి.

టీచర్ల పరిస్థితీ ఇంతే. యూజీసీ నిబంధన ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. దానికి తోడు కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే నాక్ సంస్థ కోసం ఫైళ్లు, ర్యాంకింగ్ వివరాలు, అడ్మిషన్ల పని, ఏడాదికి ఇన్ని పేపర్లు అనే లెక్క. విద్యార్థి తలుపు తడితే అరగంట మాట్లాడే తీరిక ఎవరికుంది?

మార్పు అసాధ్యమేమీ కాదు. వీఐటీలో ఏ సబ్జెక్టు, ఏ టీచర్ దగ్గర, ఏ సమయంలో అనేది విద్యార్థే ఎంచుకునే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. అంత దూరం వెళ్లలేని యూనివర్సిటీలు కనీసం వారంలో రెండు మధ్యాహ్నాలు ఏ క్లాసూ పెట్టకుండా వదిలేయొచ్చు. ఆ సమయంలో టీచర్లు గదుల్లో ఉండాలి, ల్యాబులు తెరిచి ఉండాలి. సీఆర్‌టీ కావాలనుకున్నవాళ్లకే పెట్టాలి. హాజరు విషయంలో ల్యాబుకు గట్టిగా ఉండి, పైఏళ్ల పాఠాలకు సడలించి చూడొచ్చు.

ఈ వేసవిలో క్యాంపస్‌లు చూడటానికి వెళ్లే తల్లిదండ్రులను ఒకటి కోరుతున్నాను. ప్యాకేజీ ఎంత అని ఎలాగూ అడుగుతారు, అడగండి. ఆ తర్వాత సెకండియర్ టైమ్‌టేబుల్ ఒకటి చూపించమనండి. అందులో ఖాళీ గళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. లైబ్రరీ రాత్రి ఎన్నింటిదాకా ఉంటుందో, అమ్మాయిలకు ఎన్నింటిదాకా ఉంటుందో అడగండి. వీలైతే మధ్యాహ్నం మూడింటికి ఆ లైబ్రరీలోకి ఒకసారి తొంగి చూడండి.