మారుతున్న పేటలో బడి ఎంపిక: రేటింగ్ చూపించని సంగతులు

అమెరికా నగరాల్లో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబాలు అద్దె, ఆఫీసు దూరం, పడకగదుల సంఖ్యతో పాటు తప్పకుండా చూసే అంకె ఇంకొకటి ఉంది. ఆ చిరునామా ఏ ప్రభుత్వ పాఠశాల జోన్‌లోకి వస్తుందో, ఆ పాఠశాలకు గ్రేట్‌స్కూల్స్ సంస్థ ఇచ్చిన రేటింగ్ అది. 1 నుంచి 10 వరకు ఉండే ఆ అంకెను జిల్లో వంటి వెబ్‌సైట్లు ఇంటి వివరాల్లోనే చూపిస్తాయి. ఎనిమిదో తొమ్మిదో కనిపిస్తే ఇల్లు చూడటానికి వెళతారు, మూడో నాలుగో కనిపిస్తే తర్వాతి ఇంటికి పోతారు. నగరం నడిబొడ్డున, తరతరాలుగా కార్మిక కుటుంబాలు నివసిస్తున్న చోటికి కొత్త అపార్టుమెంట్లు, పెద్ద జీతాలు వచ్చి చేరుతున్న పేటల్లో ఈ పద్ధతి తల్లిదండ్రులను తప్పుదోవ పట్టిస్తుంది, పేటకూ నష్టం చేస్తుంది. అలాంటి పేటలో కిండర్‌గార్టెన్ ఈడు బిడ్డ ఉన్నవారు ముందుగా గడప తొక్కవలసింది తమ జోన్‌లోని బడిదేనని, దాన్ని కాదనుకోవడానికే గట్టి కారణం కావాలని నా అభిప్రాయం.

ఆ అంకెకు ప్రధాన ఆధారం రాష్ట్రస్థాయి పరీక్షల ఫలితాలు. కేంద్ర చట్టం ప్రకారం ఈ పరీక్షలు మూడో తరగతి నుంచే జరుగుతాయి. అంటే ఐదేళ్ల పిల్లను చేర్చబోయే తల్లి చూస్తున్నది, ఆ పిల్ల కంటే కొన్నేళ్ల ముందు అదే బడిలో అడుగుపెట్టిన పిల్లల మార్కులను. నిలకడగా ఉన్న పేటలో ఈ ఆలస్యం పెద్ద లెక్కలోకి రాదు కానీ, ఏటా కొత్త కుటుంబాలు దిగుతున్న చోట కింది తరగతులకూ పై తరగతులకూ పోలికే ఉండకపోవచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి, పరీక్షల సగటు మార్కు ఆ బడిలో జరిగే బోధన కంటే అక్కడికి వచ్చే పిల్లల ఇళ్ల ఆర్థిక స్థితినే ఎక్కువగా ప్రతిబింబిస్తుంది. 1966లో వెలువడిన కోల్‌మన్ నివేదిక సుమారు 4,000 బడులను పరిశీలించి, పిల్లల మార్కుల్లోని తేడాలకు కుటుంబ నేపథ్యమే ప్రధాన కారణమని చెప్పింది. గ్రేట్‌స్కూల్స్ తన రేటింగులో పిల్లల పురోగతిని కూడా కలిపిన మాట నిజమే. అయినా 2019లో చాక్‌బీట్ అనే విద్యా వార్తాసంస్థ పరిశీలించినప్పుడు, పేద పిల్లలు, నల్లజాతి, లాటినో పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు తక్కువ రేటింగులే వస్తున్నట్టు తేలింది. ఎత్తు మెట్టు మీద నిలబడ్డవాణ్ణి పొడగరి అనుకున్నట్టుగా, కలిగినవారి పిల్లలు వచ్చే బడిని మనం మంచి బడి అనుకుంటున్నాం.

షికాగో ఉదాహరణను ఇక్కడ కాస్త వివరంగా చూడాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ రియర్డన్ 2017లో ఆ నగర ప్రభుత్వ పాఠశాలల ఫలితాలను విశ్లేషించారు. మూడో తరగతిలో అక్కడి పిల్లల మార్కులు జాతీయ సగటు కంటే బాగా తక్కువ. ఆ ఒక్క లెక్కే చూస్తే అవి పనికిరాని బడులే. కానీ అదే పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి చేరే ఐదేళ్లలో దాదాపు ఆరేళ్ల చదువుకు సమానమైన పురోగతి సాధించారు. పేరున్న శివారు పాఠశాల జిల్లాలు (బడులను నడిపే స్థానిక విభాగాలు) ఎన్నింటిలోనో కనిపించని వేగం ఇది. బడి చేసిన పని ఈ రెండో లెక్కలో ఉంది. అయినా ఇల్లు కొనేటప్పుడు అందరి కళ్లూ మొదటి లెక్క మీదే ఉంటాయి. రాష్ట్ర విద్యాశాఖల వెబ్‌సైట్లు చాలావరకు ఒక్కో బడిలో పిల్లల ఏటేటా పురోగతి వివరాలను విడిగా ఇస్తున్నాయి. వాటిని వెతికి చూడటానికి ఒక సాయంత్రం చాలు.

అసలు సంగతి మాత్రం బడి లోపలికి వెళితేనే తెలుస్తుంది. ముందుగా అడిగితే చాలా బడులు తల్లిదండ్రులను తిప్పి చూపిస్తాయి. అప్పుడు భవనం పాతదా కొత్తదా అన్నదాని మీద కంటే గోడల మీద అంటించిన కాగితాల మీద దృష్టి పెట్టాలి. ఒకటో తరగతి గది బయట ఇరవై కాగితాల మీద ఒకే బొమ్మ, ఒకే వాక్యం ఉంటే పిల్లలు చూసి రాయడమే జరుగుతున్నదని అర్థం. ఒక కాగితం మీద మూడు వంకర వాక్యాలు, పక్కదాని మీద అక్షరదోషాలతో నిండిన అరపేజీ కథ, ఇంకోదాని మీద స్పానిష్‌లో మొదలై ఇంగ్లీషులో ముగిసిన రెండు ముక్కలు ఉన్నాయంటే, అక్కడ ప్రతి బిడ్డ తన మాటను తానే రాసుకునేలా ఎవరో ఓపిగ్గా కూర్చోబెడుతున్నారన్నమాట. కిండర్‌గార్టెన్ గదిలో పది నిమిషాలు నిలబడి, చదవడం నేర్పేటప్పుడు అక్షరాల ధ్వనులను వరసగా నేర్పుతున్నారా, బొమ్మ చూసి పదాన్ని ఊహించమంటున్నారా అన్నది గమనించాలి. ప్రిన్సిపాల్ ఎన్నేళ్లుగా ఉన్నారో, గత ఏడాది ఎంతమంది టీచర్లు వెళ్లిపోయారో అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. బడి వదిలే వేళ గేటు దగ్గర నిలబడితే, పిల్లల కోసం వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ఏ రేటింగూ చెప్పలేని సమాచారం చెబుతారు.

జోన్ బడిలో చేరడంతోనే మనం మంచిపని చేసినట్టు అనుకోవడం కూడా సరికాదు. న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని పీఎస్ 8 అనే ప్రభుత్వ పాఠశాల చరిత్ర దీనికి సాక్ష్యం. 2000ల తొలినాళ్లలో ఆ బడిలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో పిల్లలే. చుట్టుపక్కల స్థిరపడిన సంపన్న కుటుంబాలు తమ పిల్లలను అక్కడ చేర్చడం మొదలుపెట్టిన దశాబ్దం తిరిగేసరికి బడికి పేరొచ్చింది, చోటు చాలనంత రద్దీ పెరిగింది, పేద పిల్లల వాటా కరిగిపోయింది. కొద్ది దూరంలోనే, ఫారగట్ అనే ప్రభుత్వ గృహ సముదాయం పిల్లలు చదివే పీఎస్ 307లో మాత్రం ఖాళీలు ఉన్నాయి. పీఎస్ 8 జోన్‌లోని కొంత భాగాన్ని పీఎస్ 307లో కలపాలని 2015లో ప్రతిపాదన వచ్చినప్పుడు రెండు వైపుల నుంచీ వ్యతిరేకత వచ్చింది. కొత్తవారు తక్కువ మార్కులను చూపి భయపడ్డారు. ఫారగట్ తల్లిదండ్రుల భయం వేరు. తాము ఏళ్ల తరబడి నిలబెట్టుకున్న బడి మరో పీఎస్ 8 అయి తమ పిల్లలకే చోటు లేకుండా పోతుందేమోనని వారు ప్రశ్నించారు. ఆ మార్పు 2016 జనవరిలో ఆమోదం పొందింది. పాతవారి భయాన్ని మార్పు మీద అకారణ ద్వేషంగా కొట్టిపారేయడం అన్యాయం. కూతవేటు దూరంలో జరిగిందంతా వారు చూశారు.

డబ్బు విషయానికి వస్తే ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. 1965 నాటి కేంద్ర చట్టం ప్రకారం పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు టైటిల్ 1 నిధులు అందుతాయి. వారి వాటా 40 శాతానికి తగ్గకుండా ఉంటే సాధారణంగా ఆ నిధులను బడి మొత్తం అవసరాలకు వాడుకోవచ్చు. కలిగినవారి పిల్లలు చేరేకొద్దీ ఈ శాతం పడిపోతుంది. పాఠశాల జిల్లా పెట్టుకున్న పరిమితి దాటి కిందికి వస్తే నిధులే ఆగిపోవచ్చు. బడిలో మిగిలిన పేద పిల్లల అవసరాలు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. ఆ లోటును పీటీఏ (తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సంఘం) విరాళాలు పూడుస్తాయనుకుంటే, ఆ డబ్బు ఎక్కడ ఖర్చు కావాలన్న నిర్ణయం ఇచ్చినవారి చేతిలోకి పోతుంది. న్యూయార్క్ నగరం 2018లో చేసిన చట్టం వల్ల పీటీఏ లెక్కలు బయటికి వచ్చాయి. ఏడాదికి 10 లక్షల డాలర్లకు పైగా పోగుచేసే బడులూ, కొన్ని వేలు కూడా కూడబెట్టలేని బడులూ ఒకే నగరంలో ఉన్నాయి.

మన తెలుగువారు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్న, న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో ఇంకో ముడి ఉంది. నది ఒడ్డున లేచిన ఆకాశహర్మ్యాల్లో చాలావాటికి దశాబ్దాల పాటు పన్ను రాయితీ ఇచ్చారు. ఆస్తి పన్నుకు బదులుగా ఆ భవనాలు కట్టే మొత్తం నగరానికీ కొంత కౌంటీకీ వెళుతుంది తప్ప, మామూలు ఆస్తి పన్నులో లాగా బడులకు వాటా రాదు. 2018 చట్టంతో రాష్ట్రం ఇచ్చే సాయం కూడా ఏటేటా తగ్గడం మొదలయ్యాక, నగరం కంపెనీల జీతాల బిల్లు మీద 1 శాతం పన్ను వేసి బడులకు మళ్లించవలసి వచ్చింది. అలాంటి భవనంలో అద్దెకుంటూ, దిగువనున్న బడి బాగోలేదని శివార్లకు తరలిపోయే ముందు, ఆ బడికి రావలసింది ఎటు పోయిందో తెలుసుకోవడం మన బాధ్యత కూడా.

నా బిడ్డను ప్రయోగానికి పెట్టలేనని ఎవరైనా అంటే ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోను. బిడ్డకు ప్రత్యేక విద్యావసరాలు ఉండి బడిలో ఆ సేవలు లేకపోయినా, ప్రిన్సిపాళ్లు ఏటా మారుతున్నా, పిల్లలు బడిలో భయంభయంగా మెలుగుతున్నట్టు కనిపించినా వేరే బడి చూసుకోవడమే సరైన నిర్ణయం. తోటి పిల్లలు పేదవారు కావడం మాత్రం ఈ కోవలోకి రాదు. కోర్టు ఆదేశాలతో బడుల్లో జాతుల విభజనను తొలగించిన తరం మీద బర్క్‌లీ ఆర్థికవేత్త రకర్ జాన్సన్ చేసిన పరిశోధనలో, నల్లజాతి పిల్లల చదువు, సంపాదన, ఆరోగ్యం మెరుగుపడినట్టు, శ్వేతజాతి పిల్లలకు నష్టం జరగనట్టు తేలింది. అమెరికాలో కిండర్‌గార్టెన్ నాటికే అక్షరాలు, అంకెలు వచ్చిన పిల్లలు మన ఇళ్లలో కోకొల్లలు. పరీక్షల సగటు తక్కువగా ఉన్న బడిలో అలాంటి బిడ్డ చదవడం మరచిపోతాడన్న భయానికి ఆధారం లేదు.

చేరాక నడుచుకునే తీరు గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి. మొదటి ఏడాదే పీటీఏ పదవులన్నీ కొత్తవారు తీసుకోవడం, పగటి వేళ ఉద్యోగం వదిలి రాలేనివారికి అందని సమయాల్లో సమావేశాలు పెట్టడం, ప్రతిభావంతుల తరగతులంటూ ఒకే కప్పు కింద రెండు బడులు నడపడం, ఇవన్నీ పీఎస్ 307 తల్లిదండ్రులు భయపడిన దారిలోకే తీసుకెళతాయి. చేయదగిన పని ఒకటి స్పష్టంగా ఉంది. న్యూయార్క్ నగరం 2015 నవంబరులో ఏడు ప్రాథమిక పాఠశాలలకు, సీట్లలో కొంత వాటాను తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు కేటాయించే వీలు కల్పించింది. తమ బడికీ అలాంటి కేటాయింపు కావాలని కొత్త కుటుంబాలు పాతవారితో కలిసి అడగాలి. బడిలో ఇంకా ఖాళీలు ఉన్నప్పుడే అడగాలి. వెయిటింగ్ లిస్టు మొదలయ్యాక ప్రతి సీటుకూ గొంతెత్తే తల్లిదండ్రులు తయారవుతారు, పేటలో అద్దెలు భరించలేక వెళ్లిపోయిన వారి పిల్లల తరఫున మాట్లాడటానికి అప్పటికి అక్కడ ఎవరూ మిగలరు.