ఆఫ్‌లోనే ఉంది

ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ వెళ్తున్నానంటే మా ఆవిడ ఎందుకని అడగదు. "సంతకా, ఆస్పత్రికా?" అని అడుగుతుంది. కరెంటు అలల్ని తెర మీద చూపించే ఆసిలోస్కోప్ అనే పది కిలోల పైచిలుకు పెట్టెను ఆటోలోంచి కౌగిలించుకుని దిగిన రోజు మాత్రం ఏమీ అడగలేదు. జవాబు కళ్ల ముందే ఉంది మరి.

అమ్మినతను దాన్ని "దవాఖానల గుండె మిషన్ సార్, ఫుల్ కండిషన్" అన్నాడు. నేను కాదనలేదు. 1970ల నాటి ఆసిలోస్కోప్ అని చెబితే రేటు పెంచుతాడని భయం.

ఇలాంటి పాత పెట్టెను తేగానే ప్లగ్గులో పెట్టకూడదు. మధ్యలో 100 వాట్ల గుండు బల్బు సిరీస్‌లో కలపాలి. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, పెట్టె బతికిపోతుంది. కానీ ఈ ఎల్ఈడీల కాలంలో గుండు బల్బు అడిగితే కొట్టతను నన్ను కిరసనాయిలు లాంతరు అడిగినవాణ్ని చూసినట్టు చూశాడు. నాలుగో కొట్టులో, అటక మీద దొరికింది.

బల్బు ఒకసారి మెరిసి మసకబారింది. శుభం! ఆ ధీమాతో బల్బు తీసేసి నేరుగా 230 వోల్టులిచ్చాను. తెర మీద పచ్చటి గీత నిలబడింది. పురిటిగది బయట తండ్రిలా గదంతా తిరిగాను. ఆ రోజు అత్తగారూ మామగారూ భోజనానికి వచ్చారు. విస్తళ్లు వేశారని పిలిస్తే పెట్టె మీది స్విచ్చి ఆపి లేచాను.

"ప్లగ్గు కూడా పీకెయ్యరాదూ?" అంది మా ఆవిడ.

"ఆఫ్‌లోనే ఉంది, ఏం కాదు."

పప్పుచారు కలుపుతుండగా లోపల ఫట్‌మంది. తలుపు సందులోంచి పొగ వరండాలోకి, అక్కణ్నుంచి మెట్ల మీదికి పాకింది. పై ఫ్లాటువాళ్లు దిగేశారు. వాచ్‌మన్ ఇసుక బకెట్‌తో పరుగెత్తుకొచ్చి "సార్, ముందు దాన్ని ఆఫ్ చేయుండ్రి!" అని అరిచాడు. "ఆఫ్‌లోనే ఉంది!" అని నేనూ అరిచాను. ఇలా మేమిద్దరం వాదించుకుంటుంటే మా ఆవిడ వచ్చి ప్లగ్గు పీకింది.

మా మామగారు ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌లో చేసి రిటైరయ్యారు. ఎంగిలి చేత్తోనే వచ్చి ఆ పొగను రెండుసార్లు పీల్చారు. "కాగితం కెపాసిటర్" అన్నారు, పక్కింటి తాలింపులో ఇంగువ పట్టేసినంత తేలిగ్గా.

విప్పి చూస్తే అంతే. వెనకాల, కరెంటు లోపలికొచ్చే చోట, తేనెరంగు బిళ్ల ఒకటి వేగిన వడియంలా ఉబ్బి విచ్చుకుంది. ఒంటినిండా వెంట్రుకంత సన్నటి పగుళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ పై పూత అలా చిట్లి, లోపలి కాగితం తేమ పీలుస్తుందట. మన దగ్గర ఎన్ని వానాకాలాలు తాగిందో!

"కానీ నేను స్విచ్చి ఆపాను కదండీ?"

"ఆపారు, అల్లుడుగారూ. ఇది స్విచ్చికి ముందే కూర్చుంటుంది. ప్లగ్గులో ఉన్నంతసేపూ దీని నెత్తిన 230 వోల్టులుంటాయి."

విచిత్రమేమిటంటే ఆ బిళ్ల లేకపోయినా పెట్టె పనిచేస్తుంది. కరెంటు తీగల్లో వచ్చే రొదను అడ్డుకోవడమే దాని ఉద్యోగం. కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది తెచ్చుకుందాంలే అని కత్తిరించేశాం. పెట్టె ముందువైపు, అది సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూసుకోవడానికి ఉండే కాలిబ్రేషన్ కొక్కేనికి ప్రోబ్ తీగ తగిలిస్తే, కోటగోడ బురుజుల్లా చతురస్రపు అలలు వరసగా నిలబడ్డాయి. మామగారి అద్దాల్లో ఆ పచ్చదనం మెరిసింది. చెయ్యి ఎప్పుడో ఎండిపోయింది.

"ఇంతకీ ఇదేం చేస్తుంది?" అంది మా ఆవిడ గుమ్మంలో నిలబడి.

"గీత గీస్తుంది."

ఆమె అటు వెళ్లగానే మామగారు గొంతు తగ్గించారు. "వచ్చే ఆదివారం ఎన్నింటికి బయల్దేరతారు? నేనూ వస్తాను."

వంటింట్లోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "తీసుకెళ్లండి నాయనా. వీలైతే అక్కడే అడ్మిట్ చేసి రండి."