కుట్టు నేర్చుకోవాలంటే ముందు జాకెట్టు వద్దు, సంచి కుట్టండి

పోయిన ఆగస్టులో ఒక సాయంత్రం తిరుపతి బస్టాండులో దిగుతుంటే నా బ్యాగు పట్టీ పుటుక్కున తెగింది. అప్పుడే వాన వెలిసింది. లోపలున్న జవాబు పత్రాల కట్ట, టిఫిన్ డబ్బా, గొడుగు అన్నీ బురదలో పడ్డాయి. పిల్లలు రాసిన కాగితాలు తడిసిపోయి ఒకదానికొకటి అంటుకుంటే ఆ రాత్రి ఫ్యాన్ కింద ఒక్కొక్కటే పరిచి ఆరబెట్టుకున్నా. ఆ బ్యాగు కొని అప్పటికి నాలుగు నెలలే. 650 రూపాయలు పెట్టా.

మరుసటి రోజు ఆ తెగిన చోటును లైటు కింద పెట్టి చూశా. పట్టీ కొస పక్క కుట్టులోకి వెళ్లింది అర అంగుళమే. దాని మీద ఉన్నది ఒకే ఒక్క వరస కుట్టు. సూది పొడిచిన కన్నాలు పోస్టు స్టాంపు అంచులా వరసగా ఉన్నాయి, సరిగ్గా ఆ గీత మీదే చిరిగింది. గుడ్డ బాగుంది, జిప్పు బాగుంది, పట్టీ కూడా గట్టిదే. రోజూ మూడున్నర కిలోలు మోసే బ్యాగును ఆ అర అంగుళం దగ్గర వదిలేశారు. అప్పుడే అనుకున్నా, ఈ ఒక్క చోటు సరిగ్గా కుట్టడం నేర్చుకుంటే చాలు, నా సంచి నేనే కుట్టుకోగలనని.

కుట్టు నాకు అంతకు ముందు అసలు తెలియదని కాదు. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక కుట్టు శిక్షణ కేంద్రంలో చేరా. వారం రోజులు పేపరు మీద గీతలు, తర్వాత నేరుగా జాకెట్టు. అమ్మ ఇచ్చిన కొత్త గుడ్డ కత్తిరించా. చంక దగ్గర పావు అంగుళం తేడా వచ్చింది, చెయ్యి పైకి లేవలేదు. విప్పి కుట్టా, మళ్లీ విప్పా, గుడ్డ పీలికలైపోయింది. ఆ గుడ్డను అమ్మ మడిచి పెట్టెలో పెట్టుకుంది, ఒక్క మాటా అనలేదు. "నాకు కుట్టు రాదు" అని పదహారేళ్లు నేనే అందరికీ చెప్పుకుంటూ తిరిగా. నాలాంటి ఆడవాళ్లు మన చిత్తూరు, తిరుపతి ఊళ్లలో వీధికి పదిమంది ఉంటారు. ఇంట్లో మిషన్ ఉంటుంది, దాని మీద గుడ్డ కప్పి పైన టీవీ రిమోటు పెట్టుకుంటారు.

జాకెట్టు అంటే కుట్టుపనిలో చాలా కష్టమైనది. మెడ లోతు, చంక వంపు, భుజం, డాట్లు, చేతి గుండ్రం, అన్నీ వంకర గీతలే. పైగా ఒంటికి అతుక్కుని ఉండాలి, పావు అంగుళం తప్పినా కనబడుతుంది. దాన్ని తీసుకొచ్చి మొదటి పాఠంగా పెట్టడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈత రానివాడిని తొలిరోజే నిండు చెరువులో దింపినట్టు ఉంటుంది. సంచికి ఒళ్లు లేదు. అన్నీ తిన్నని గీతలు, నాలుగు మూలలు. ఒక పక్క పావు అంగుళం ఎక్కువైనా అందులో పుస్తకాలు పడతాయి, టిఫిన్ డబ్బా పడుతుంది.

దిండు గలీబుతో మొదలుపెట్టమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. గలీబు కుట్టడానికి గంట చాలు, కానీ అది బరువు మోయదు, మందం ఉండదు, కుట్టు మంచిదో కాదో దాని మీద తెలియదు. భుజాన వేలాడే సంచి రోజూ పరీక్ష పెడుతుంది. బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో టికెట్టు డబ్బులు తీసే నాలాంటి వాళ్లకి ఒంటికి అడ్డంగా వేసుకునే పొడుగు పట్టీ సంచిని మించింది లేదు.

మా పక్కింటి అత్త దగ్గర పాత నల్ల మిషన్ ఉంది, కాళ్లతో తొక్కేది. వెళ్లి అడిగితే ఆమె నా మొహంలోకి చూసి, "జాకెట్టు కుట్టేదానికి రాకుండానే బ్యాగు కుడతావా పాపా?" అంది. "అది రాలేదు కాబట్టే అత్తా" అన్నా. కాసేపాగి, "సరే కూర్చో, నూనె వేసి ఇస్తా" అంది.

గుడ్డ కొనలేదు. ఇంట్లో వేసుకోని జీన్స్ రెండుంటే కాళ్ల కుట్లు విప్పి పరిచా. కొత్త కాన్వాస్ తెచ్చుకునేవాళ్లు ముందు నీళ్లలో తడిపి ఆరేయండి, నూలు గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. ముందు, వెనక రెండు ముక్కలు 18 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల ఎత్తు. మూత ముక్క పదమూడున్నర వెడల్పు. చుట్టూ కుట్టుకి అర అంగుళం ఇందులోనే ఉంది. ఏ4 కాగితం 21 సెంటీమీటర్లకి 29.7, అడ్డంగా పెడితే హాయిగా కూర్చుంటుంది.

సంచికి అడుగు రావడమే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. పక్కలు, కింద కుట్టేశాక అది బల్లపరుపు గుడ్డే. కింది మూలను పట్టి, పక్క కుట్టు, అడుగు కుట్టు ఒకదాని మీద ఒకటి వచ్చేలా నొక్కితే త్రికోణం అవుతుంది. కొస నుంచి 2 అంగుళాల దగ్గర దానికి అడ్డంగా కుట్టాలి. ఆ కుట్టు పొడవు సరిగ్గా 4 అంగుళాలు వస్తుంది, సంచి అడుగు కూడా అంతే వెడల్పు వస్తుంది. రెండు మూలలూ అట్లా కుట్టి తిప్పి నిలబెడితే ఖాళీ సంచి తనంతట తాను నిలబడింది. అత్త కూడా లేచి వచ్చి చూసింది.

సూదులు మాత్రం రెండు విరిగాయి. మామూలు జాకెట్లకి వాడే 14 నంబరు సూదితో జీన్స్ మీదికి వెళ్లకూడదు, 18 వేయాలి. రెండో సూది విరిగింది నా చేతుల వల్లే. గుడ్డ కదలట్లేదని వెనక నుంచి లాగా. లాగితే సూది వంగుతుంది, కింద రేకుకి తగిలి విరుగుతుంది. గుడ్డను లాక్కోవడం సూది కింద ఉండే మిషన్ పళ్ల పని, మన పని దారి చూపించడమే. మందం మరీ ఎక్కువైన చోట చక్రం చేత్తోనే తిప్పాలి. జీన్స్ అడుగు మడతలు కలిసే చోట ఎనిమిది పొరలు అవుతాయి, అక్కడ మిరియాలు దంచే చిన్న రోకలితో గుడ్డను నాలుగు దెబ్బలు కొడితే అణుగుతుంది. ఇంకొకటి, మందం ఎక్కేటప్పుడు గుడ్డను పైనుంచి నొక్కి పట్టే మిషన్ పాదం ముందు భాగం లేచి, వెనక భాగం కిందికి దిగి వాలిపోతుంది, కుట్టు తప్పిపోతుంది. అప్పుడు పాదం వెనక వైపు కింద అంతే మందం ఉన్న గుడ్డ ముక్క మడిచి పెట్టండి, పాదం సమంగా నిలుస్తుంది. మొదటి రోజు గుడ్డ కింద దారం చుట్టలు చుట్టలుగా వస్తే కిందిదారం చుట్టి ఉండే బాబిన్ తప్పనుకుని గంట సేపు బాబిన్ విప్పా. తప్పు పైదారంలో ఉంది, నేను దాన్ని దారం బిగువు పట్టే టెన్షన్ రేకుల మధ్య సరిగ్గా దూర్చలేదు. పైదారం వదులైతే చుట్టలు కింద కనబడతాయి. ఈ ఒక్క సంగతి ఆ శిక్షణ కేంద్రంలో చెప్పి ఉంటే నాకు పదహారేళ్లు పోయేవి కాదు.

ఇక ఆ అర అంగుళం. గోవిందరాజస్వామి గుడి దగ్గరి వీధుల్లో టైలరింగ్ సామాన్ల కొట్టుకి వెళ్లి ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీ అడిగితే ఆయన "నవారా?" అన్నాడు. మా అవ్వ మంచానికి అల్లిన నవారు గుర్తొచ్చింది నాకు. ఆమె ఎనభై ఏళ్లదాకా దాని మీదే పడుకుంది. రెండు మీటర్లు తెచ్చా. పట్టీ కొసను రెండు అంగుళాలు సంచి పక్కకి ఆనించి, లోపల ఇంకో జీన్స్ ముక్క పెట్టి, చుట్టూ చదరంగా కుట్టి, ఆ చదరంలో మూల నుంచి మూలకి అడ్డంగా రెండు గీతలు కుట్టా. బరువు ఒక్క గీత మీద పడకుండా ఆరు గీతల మీదికి పోతుంది. ఈ పని రెండు పక్కలా చేయడానికి నాకు పట్టింది అరగంట, దారం ఖర్చు రూపాయి కూడా కాదు. 650 రూపాయల బ్యాగులో ఆ అరగంట లేదు.

లైనింగుకి శ్రీకాళహస్తిలో కొన్న కలంకారీ ముక్క వేశా. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ మీద కలంతో వేసే పని అది. పాలు వల్లే ఆ గీతల్లో రంగు చెదరదు. అంత పనిని పైన పెట్టి బస్సు సీట్లకి రాపిడి చేయడం నాకు ఇష్టం లేదు. లోపల పెడితే పుస్తకం తీసినప్పుడల్లా నెమలి కనబడుతుంది. లైనింగులో అడుగున ఆరు అంగుళాలు కుట్టకుండా వదిలేసి, మూతి దగ్గర రెండూ కలిపి కుట్టాక, తిరగేసి ఉన్న మొత్తం సంచిని ఆ సందులోంచి బయటికి లాగాలి. పట్టీలు, మూత, మూలలు ఒక్కొక్కటే ఆ చిన్న సందులోంచి వస్తుంటే మా అబ్బాయి పక్కన కూర్చుని, "అమ్మా, నేను లాగుతా" అని సగం వాడే లాగాడు. ఎనిమిదో తరగతి వాడు. నవారు కొలిచింది కూడా వాడే. మగపిల్లాడికి ఈ పని ఎందుకని అడిగినవాళ్లకి ఒక మాట: మీ ప్యాంటు కుట్టే టైలర్ ఎవరు?

"ఇంత తంటా ఎందుకు, నాలుగొందలకి దొరుకుతుంది కదా" అని స్టాఫ్ రూములో అన్నారు. దొరుకుతుంది. ఏడాదికి రెండు కొనాలి. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే పసుపు సంచులు కూడా అంతే, రెండు కొబ్బరికాయలు వేస్తే చెవి ఊడుతుంది. 120 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి వద్దన్నారు, మంచిదే. వాటి బదులు వచ్చిన గుడ్డ సంచి నెలకి చిరిగిపోతే మనం ఆపింది ఏంటి? నేను అడిగేది సంచి కుట్టేవాళ్లనే: చెవుల దగ్గర ఇంకో రెండు వరసలు వేయండి.

కార్తీకంలో అలిపిరి నుంచి నడిచి తిరుమల కొండెక్కా. సామాను అలిపిరి దగ్గరే ఇచ్చేస్తే పైకి చేరుస్తారు, నేను ఇవ్వలేదు. స్టీలు సీసా, రెండు జతల బట్టలు, దుప్పటి అన్నీ ఈ సంచిలోనే. 3550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చుని పట్టీ అతుకు వేలితో తడిమి చూశా. ఒక్క దారం కూడా కదల్లేదు.

పోయిన వారం అమ్మ చంద్రగిరి వచ్చి దాన్ని తిప్పి తిప్పి చూసింది. పెట్టెలో మడిచి పెట్టుకున్న ఆ పాత జాకెట్టు గుడ్డ తీసి ఇచ్చింది, పీలికలతో సహా. "దీంట్లో జేబు ఏమన్నా వస్తుందా?" అని అడిగింది. ఫోను జేబు వస్తుంది. ఆదివారం కుడతా.