పాఠకుల పండుగల పాఠకుడు ఏడ కూసోవాలె?

మొన్న ఆదివారం హనుమకొండల ఒక పుస్తకాల ప్రచురణ సంస్థ యాభై ఏండ్ల పండుగకు పోయిన. పేరు చెప్ప. చెప్తే రేపటి నుంచి వాళ్ల దుకాణంల నాకు చాయ్ పుట్టదు. 'పాఠకులతో పండుగ' అని వాట్సాప్‌ల కార్డు వచ్చింది. నేను పాఠకుణ్నే గదా అని ఇస్త్రీ అంగీ తొడుక్కొని పదింటికే పోయి కూసున్న. కూసున్నోణ్ని లేపిన్రు. ముందటి రెండు వరుసలు అతిథులకట.

సభ పదకొండున్నరకు మొదలైంది. వేదిక మీద పదమూడు మంది. ఒక్కొక్కరికి శాలువా, బొకే, మెమెంటో, ఫొటో. తొమ్మిదో శాలువా దాక లెక్కపెట్టిన, తర్వాత ఆకలైంది. మైకు పట్టినోళ్లంత "పాఠక దేవుళ్లు" అన్నోళ్లే. దేవునికి దండం పెడుతరు గని మైకు ఎవ్వలిస్తరు? మాకూ ఇయ్యలే.

బయట బల్లల మీద పుస్తకాలు, యాభై శాతం తగ్గింపు. సంబురంగ పోయిన. తగ్గించినవన్నీ ఏండ్ల నుంచి గోదాంల కదలని సరుకే. నాకు కావల్సింది ఒక్కటే, మా దిక్కు చెరువుల మీద 1986ల వాళ్లే వేసిన 192 పేజీల చిన్న పుస్తకం.

"స్టాక్ లేదు సార్, అది పాత టైటిల్."

"మళ్ల ఎప్పుడేస్తరు?"

"డిమాండ్ లేదు సార్."

అడిగేటోడు ఎదురుంగ నిలవడంగ డిమాండ్ లేదనుడేంది? పిలగాని తప్పు కాదు, వానికి చెప్పింది వాడు చెప్పిండు. నాకే మంటలేసింది. పండుగకని వేసిన సావనీర్ సంచిక తెరిచిన. వెనుక 'మా ప్రచురణలు' అని మూడొందల పైచిలుకు పేర్లున్నయి. పెన్ను తీసి, బల్ల మీద ఉన్నవాటికి టిక్కు పెట్టుకుంట పోయిన. డెబ్భై దాటలే. మిగిలినవి యాభై ఏండ్ల గొప్ప చెప్పుకోను పనికొస్తయి, చదువుకోను దొరకయి.

నేను ఈ సంస్థకు కొత్తోణ్ని గాదు. పరకాల దిక్కు మా ఊళ్లె ఉన్నప్పుడు పుస్తకం మొదటి పేజీ తిప్పి, 'ప్రతులకు' అన్న కాడ అడ్రసు రాసుకొని, కార్డు ముక్క రాస్తే వీపీపీల, అంటే పుస్తకం అందినంక పోస్టుమన్‌కు పైసలు కట్టే తీరుల, పుస్తకం వచ్చేది. పోస్టుమన్ వాకిట్ల నిలవడితే మా అవ్వ బియ్యం డబ్బాల చెయ్యి పెట్టి చిల్లర తీసేది. నెలకు ఒక్క పుస్తకం, అంతే. అట్ల కొన్నోళ్లతోటే గదా వీళ్లు యాభై ఏండ్లు నడిచింది.

వాళ్ల కష్టం నాకు ఎరుకనే. అమ్మిపెట్టే దుకాణం కమీషన్ పోను, కాగితం ధర పోను మిగిలేది గోరంత. లైబ్రరీలు కొంటయనుకుంటే, మనం ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతనే ఉన్నం, అవి జిల్లా గ్రంథాలయ సంస్థలకు సక్కగ జమ కావని ఏండ్ల నుంచి మొత్తుకోళ్లే. పోస్టు సంగతి సరేసరి. తక్కువ ఖర్చుల పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను 2024 డిసెంబర్‌ల ఎత్తేసిన్రు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని తెచ్చిన్రు. 300 గ్రాముల దాక 20 రూపాయలు, ఐదు కిలోలకు 100, పన్ను వేరే. అయినా ఊళ్లకు పుస్తకం పంపే ఓపిక ఎవ్వలికున్నది?

ఉన్నోళ్లు ఉండిరి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంట ఊరూరు తిరిగి అమ్మిండు. అది నిజాం జమానా, తెలుగు పుస్తకమంటేనే అనుమానంగ చూసే కాలం. ఇదే హనుమకొండల 1904లనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం లేచింది. అప్పుడు చదవనొచ్చినోళ్లే తక్కువ. వాళ్లు డిమాండ్ ఉన్నదా అని చూసుకుంట కూసోలే.

"మళ్ల వెయ్యాలంటే తక్కువల తక్కువ వెయ్యి కాపీలెయ్యాలె" అనే మాట పాతది. ఇప్పుడు డిజిటల్ అచ్చుల యాభై కాపీలు గూడ వేసిస్తున్నరు. అసలు చిక్కు ఏందంటే, పాతయి సీసం అక్షరాలు పేర్చి అచ్చేసినయి. ఫైలుండదు. మొత్తం మళ్ల డీటీపీ, అంటే కంప్యూటర్ల టైపు, చేయించాలె, ప్రూఫులు దిద్దాలె. ఖర్చే. కాదన. పదమూడు శాలువాలు, పదమూడు మెమెంటోలు గూడ ఖర్చే గదా. ఆ పైసలతోటి ఒక 192 పేజీల పుస్తకం డీటీపీ గడ్డకెక్కేది. ప్రూఫులు మా అసొంటోళ్లం పైస తీసుకోకుంట దిద్దిపెడుతుంటిమి. పిలిచి అడుగున్రి, పదిమందిమి వస్తం. అది పాఠకులతో పండుగంటే.

ఇగ నా గుట్టు గూడ చెప్త. ఆ చెరువుల పుస్తకం లైబ్రరీ కాపీ తెచ్చి జిరాక్స్ తీయించుకున్న. తప్పే. పుస్తకం మీద వెల 15 రూపాయలు, నాకు స్పైరల్ బైండింగ్‌తోటి 230 పడ్డది. అదే సంచిల పెట్టుకొని పోయిన, ఎందుకంటే అది రాసిన పెద్దాయన ఆ పదమూడు మందిల ఒకలు. భోజనాల కాడ దొరికిండు, శాలువా చంకల పెట్టుకొని పెరుగన్నం తింటున్నడు. సిగ్గుపడుకుంటనే జిరాక్స్ తీసి సంతకం అడిగిన.

తిడుతడనుకున్న. చెయ్యి కడుక్కొచ్చి, కండ్లద్దాలు సదురుకొని పేజీలు తిప్పిండు. ఒక కాడ ఆగి, పెన్ను తీసి ఒక అచ్చుతప్పు దిద్దిండు. నలభై ఏండ్ల కింది తప్పు. సంతకం చేసి పుస్తకం చేతికియ్యకుంట అట్లనే పట్టుకున్నడు.

"నా కాడ గూడ లేదు తమ్మీ. ఇంకోటి తీయిస్తవా? పైసలిస్త."

రేపు పొద్దుగాల నక్కలగుట్టల జిరాక్స్ దుకాణం తెరవంగనే పోవాలె.