వేడినీళ్ల పైపులో గాలికి దారి పెట్టడానికి ఎందుకింత బద్ధకం?

మా అనంతపురంలో కాస్త చలి ముదిరిందంటే చాలు, ప్లంబర్లకు తీరిక ఉండదు. ఏ వీధిలో విన్నా ఒకటే మాట: సోలార్ హీటర్ నుంచి వేడినీళ్లు రావట్లేదు. మిద్దెపైన ట్యాంకు నిండుగానే ఉంటుంది, రోజంతా ఎండ కాస్తూనే ఉంటుంది. బాత్‌రూంలో వేడినీళ్ల కొళాయి తిప్పితే మాత్రం బుస్సుమని గాలి వస్తుంది, నాలుగు చుక్కలు పడతాయి, అంతే. ప్లంబర్ వచ్చి మిద్దెపైన యూనియన్ (రెండు పైపులను కలిపే, విప్పదగిన బిగింపు) విప్పుతాడు, గాలి పోతుంది, నీళ్లు వస్తాయి. డబ్బులు తీసుకుంటూ "ఇది మామూలే అన్నా, చలికాలం అందరి ఇండ్లల్లో ఇంతే" అని చెప్పి వెళ్తాడు. కొన్ని వారాలకు మళ్లీ అదే కథ.

మామూలే అనే ఆ మాటే నాకు కోపం తెప్పిస్తుంది. ఇది వానలు పడకపోవడం లాంటిది కాదు, మన చేతిలో లేదని ఊరుకోవడానికి. పైపు వేసినవాళ్లు చేసిన పని వల్ల వచ్చిన తంటా ఇది. పైపు వేసే రోజే ఆపేయవచ్చు.

గాలి ఎక్కడి నుంచి వస్తుందో చాలామంది సరిగ్గా చెప్పరు. ట్యాంకు ఖాళీ అయినప్పుడు పైపుల్లోకి గాలి దూరుతుందన్నది అందరికీ తెలుసు. మన ఊరికి తాగునీళ్లు పెన్నహోబిలం రిజర్వాయర్ నుంచి వస్తాయి. కొళాయి నీళ్లు ఒక పూట ఆలస్యమైనా, బోరు మోటారు వేయడం మరిచినా ట్యాంకు అడుగంటుతుంది. కానీ ట్యాంకు ఒక్కసారి కూడా ఎండకపోయినా గాలి చేరుతుంది. చన్నీళ్లలో గాలి కరిగి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకోగలవు. 60 డిగ్రీలకు వచ్చేసరికి అందులో సగం మాత్రమే నిలుస్తుంది. మిగతాది బుడగలై పైకి లేస్తుంది. అంటే సోలార్ తన పని తాను చేస్తున్నంత కాలం, ప్రతిరోజూ, ఎంతో కొంత గాలి పుడుతూనే ఉంటుంది. ఆ గాలి బయటికి పోవడానికి దారి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మన ఇళ్లలో ఆ దారి ఉండదు. పైగా గాలి దాక్కోవడానికి చోటు మాత్రం మనమే కట్టిస్తాం. ఎక్కడంటే పిట్టగోడ దగ్గర. సోలార్ ట్యాంకు నుంచి వేడినీళ్ల పైపు కిందికి దిగి, మిద్దె నేలమీద పాకుతూ వెళ్లి, పిట్టగోడ ఎక్కి, అవతలివైపు మళ్లీ కిందికి దిగుతుంది. గోడకు రంధ్రం కొట్టడం బద్ధకమై మేస్త్రీ పైపును గోడ మీదుగా దాటించేస్తాడు. మూడడుగుల గోడ కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. అక్కడే అవుతుంది. సోలార్ ట్యాంకు ఉండే స్టాండు ఎత్తు చాలా ఇళ్లలో ఆ గోడకంటే పెద్దగా ఎక్కువేమీ ఉండదు. గోడ పైభాగంలో గాలి చేరిందంటే దాన్ని అవతలికి తోసేంత బలం ఆ నీళ్లకు చాలదు. పది మీటర్ల నీటి ఎత్తు ఉంటే ఒక వాతావరణ పీడనమంత బలం. మన ట్యాంకుకూ కింది బాత్‌రూం కొళాయికీ మధ్య ఉండేది మూడు నాలుగు మీటర్లే. దారిలో మీటరు ఎత్తున ఎక్కి దిగే గుట్టలు రెండుండి, ఆ దిగే భాగాల్లో గాలి నిలిచిందంటే రెండు మీటర్ల బలం అక్కడే పోతుంది. రెండో గుట్ట ఎక్కడో చెప్పక్కర్లేదు. బాత్‌రూం తలుపు మీదుగా, టైల్స్ వెనకాల, ఎవరికీ కనపడకుండా ఉంటుంది.

ఇంకొకటి. వేడినీళ్లకు సీపీవీసీ, అంటే వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపు వేయాలి. కొన్ని రూపాయలు మిగులుతాయని మామూలు పీవీసీ వేసినచోట ఆ వేడికి పైపు మెత్తబడి మధ్యలో వంగుతుంది. వంగిన పైపు అంటే మళ్లీ గాలి గుట్టలే. సీపీవీసీ వేసినా క్లాంపులు దూరం దూరంగా కొడితే అదే గతి.

మా చెల్లెలు ఇంగ్లండులో ఉంటుంది. అక్కడి ఇళ్లలో బాయిలర్ నుంచి వేడినీళ్లు పైపుల్లో తిరుగుతూ గదికొక రేడియేటర్‌ను వేడి చేస్తాయి. వాటిలోనూ గాలి చేరుతుంది. చేరితే రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటుంది, లోపల గలగలమని చప్పుడు వస్తుంది. వాళ్లు హీటింగ్ ఆపి, అది చల్లారాక, చిన్న తాళం చెవితో రేడియేటర్ పైమూలనున్న వాల్వును కొద్దిగా తిప్పుతారు. గాలి బుసబుసమని పోయి నీళ్లు రాగానే బిగించేస్తారు. తర్వాత బాయిలర్ మీది ప్రెషర్ చూసుకుంటారు, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండేలా. ఇంట్లోవాళ్లే చేసుకునే పని ఇది. గాలి వస్తుందని తెలుసు కాబట్టి, అది పోవడానికి వాల్వు తయారీలోనే పెట్టారు. అదే నీళ్లు, అదే గాలి. మరి మన ఇంట్లో ఆ చిన్న ఏర్పాటు ఎందుకు ఉండదు?

ఉండాల్సింది ఏమంత పెద్దది కాదు. గోడ పైన పైపు ఎక్కి దిగే చోట ఒక టీ (మూడు మూతుల జాయింటు), దానిపైన నిలువుగా ఒక పైపు. అది సోలార్‌కు నీళ్లు పంపే చన్నీళ్ల ట్యాంకు నీటి మట్టం కన్నా పైకి వెళ్లాలి, చివర కిందికి వంచి జాలీ కట్టాలి. అంతే. సోలార్ ట్యాంకుకూ ఇలాంటి గాలి పైపు ఉండాలి. కొందరు దాంట్లోంచి నీళ్లు కారుతున్నాయని మూతి బిగించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి ఒత్తిడి తట్టుకోని ట్యాంకులు. గాలి పైపు మూస్తే ఎండకు లోపల ఒత్తిడి పెరిగి ట్యాంకు ఉబ్బవచ్చు, నీళ్లు ఒక్కసారిగా ఖాళీ అయితే లోపలికి నొక్కుకుపోవచ్చు. నీళ్లు కారుతుంటే పైపు పొట్టిగా ఉందని అర్థం. పొడుగు పెంచాలి.

ఇప్పటికే గాలి పట్టినవాళ్లు టైల్స్ పగలగొట్టించకండి. ముందు పైన ఉన్న చన్నీళ్ల ట్యాంకు నింపండి. కాకపోతే సోలార్‌లో నీళ్లు కాగే గాజు గొట్టాలు ఎండిపోయి ఉంటే మిట్టమధ్యాహ్నం నింపకూడదు, కాగిన గాజుమీద చన్నీళ్లు పడితే పగులుతుంది. తెల్లవారుజామున నింపండి. తర్వాత అన్నిటికన్నా కింద ఉన్న వేడినీళ్ల కొళాయి పూర్తిగా తిప్పి వదలండి. అప్పటికీ రాకపోతే, ఒత్తిడి ఉన్న చన్నీళ్ల కొళాయికి హోస్ పైపు తగిలించి, రెండో కొసను ఆ వేడినీళ్ల కొళాయికి బిగించి, మెల్లగా, కొద్దిసేపు మాత్రమే, నీళ్లు వెనక్కి పంపండి. గాలి పైకి తోసుకుని పోతుంది. పైన గాలి పైపు తెరిచి ఉందని చూసుకున్నాకే ఇది చేయాలి.

నాకు బాధ కలిగించేది ఖర్చు కాదు. విసిగిపోయి సోలార్‌ను వదిలేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. రెండు కిలోవాట్ల గీజర్ గంట నడిస్తే రెండు యూనిట్లు. పక్కనే కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది, మన జిల్లాల ఎండకు అంత విలువ. ఆ ఎండే మిద్దెపైన కాచిన నీళ్లు పైనే ఉండిపోతే, కింద పక్కింటి అవ్వ గ్యాసు మీద నీళ్లు కాచుకుని, రెండు చేతులా బకెట్ పట్టుకుని తడి నేలమీద నడుస్తుంది. ఆ వయసులో ఒక్క అడుగు జారితే ఏమవుతుంది?

తప్పంతా ప్లంబర్లదే అనను. చాలామంది ఎవరో మేస్త్రీ వెనక తిరిగి నేర్చుకున్నవాళ్లే, గాలి గురించి వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఇల్లు కట్టించే మనం గడప చెక్కకు, గేటు డిజైనుకు రోజులు వెచ్చిస్తాం. పైపు ఎటు పోతోందో ఒక్కసారి కూడా అడగం. ఇంజనీరు ఇచ్చే ప్లానులో గదుల కొలతలన్నీ ఉంటాయి, పైపుల దారి గీసి ఇచ్చేవాళ్లు అరుదు.

ఇప్పుడు ఇల్లు కడుతున్నవాళ్లు టైల్స్ వేయకముందే మేస్త్రీని పిలిచి నిలబెట్టి అడగండి. "అన్నా, వేడినీళ్ల లైను ఎక్కడైనా ఎక్కి దిగుతోందా? అక్కడ గాలి పైపు ఏదీ?" పిట్టగోడ మీదుగా వేయబోతుంటే రంధ్రం కొట్టించి, పైపు కిందికే వాలుగా పోయేలా చూడండి. గోడలు మూసేముందు పైపులన్నీ కనపడేలా ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి.