ఆరు గంటల్లో ఆపరేషన్ సరే, ముందు ఆస్పత్రికి చేరాలిగా!

తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ ఎంత త్వరగా చేస్తే అంత మంచిదని మీ వ్యాసంలో రాశారు. 2020లో వచ్చిన 'హిప్ అటాక్' అనే అధ్యయనం సంగతి కూడా చెప్పి ఉంటే బాగుండేదండి. 17 దేశాల్లో 2,970 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ఎముక విరిగిందని ఆస్పత్రిలో తేలాక ఒక జట్టుకి సుమారు 6 గంటల్లో, రెండో జట్టుకి సుమారు 24 గంటల్లో ఆపరేషన్. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ త్వరగా చేసినవాళ్లలో మతిభ్రమ (డెలీరియం, అంటే ఉన్నట్టుండి కొన్నాళ్లు మతి తప్పి మాట్లాడటం) తగ్గింది, మూత్రంలో ఇన్ఫెక్షన్లు తగ్గాయి, లేచి నిలబడటమూ ముందే జరిగింది.

ఆ మతిభ్రమ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మాది రాజోలు దగ్గర. నిరుడు వానల్లో మా అమ్మ పెరట్లో నాచు మీద జారిపడింది. మా మావయ్య 'కట్టు కట్టిద్దాం, అదే అతుక్కుంటుంది' అని పట్టుబట్టాడు. చెయ్యి విరిగితే ఏమో గానీ, తుంటికి కట్టేంటండీ! రెండు రోజులు అలాగే పోయాయి. మూడో రోజు రాజమండ్రి తీసుకెళ్తే షుగర్ ఎక్కువుందని ఆపరేషన్ ఇంకో రోజు ఆపారు. ఆ రాత్రి అమ్మ, ఎప్పుడో పోయిన నాన్నని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. మాకు ఒకటే టెన్షన్. అమ్మ జీవితంలో నాన్నని పేరు పెట్టి పిలవలేదు మరి.

ఇప్పుడు వాకర్ పట్టుకుని కొబ్బరి చెట్ల దాకా నడుస్తోంది. మావయ్య మాత్రం ఆ కట్టు వల్లే నయమైందంటాడు.