ప్లానులో తెల్లగా ఉన్న చోటు

ఓడ దిగి నాలుగు రోజులైంది. పడుకుంటే మంచం ఇంకా ఊగుతూనే ఉంది. కోపం కూడా దిగలేదు. రెండిట్లో ఏది ముందు పోతుందో తెలీదు కాబట్టి రెండూ ఉండగానే రాసేస్తున్నా.

క్రూజ్‌కి వెళ్దామన్నది మా ఆవిడ. గది నేను ఎంచుతానన్నది నేను. తప్పంతా ఆ రెండో ముక్కలో ఉంది.

"గదిదేముందండీ, పడుకోడానికేగా. ఏదో ఒకటి ఇమ్మనండి" అంది తను. నిజానికి అలా ఇచ్చే పద్ధతి ఒకటుంది. దాని పేరు గ్యారంటీ క్యాబిన్. కిటికీ గదా, బాల్కనీ గదా అన్నంతవరకే మాటిస్తారు. ముందో వెనకో, పైనో కిందో, ఎన్నో నంబరో చెప్పరు. చివరికి మిగిలినవాటిలో వాళ్లకి తోచింది చేతిలో పెడతారు. ఏ గది వస్తుందో తెలియని బేరానికి గ్యారంటీ అని పేరు పెట్టినవాడి గుండెధైర్యానికి దణ్ణం పెట్టొచ్చు గానీ, చెప్పులు కొనాలన్నా కొట్లో నాలుగుసార్లు అటూ ఇటూ నడిచి చూసే మనిషిని నేను. ఒప్పుకుంటానా?

మూడు నెలలు డెక్ ప్లాన్లు, అంటే ఓడ అంతస్తుల పటాలు, చదివాను. చదవడమంటే మామూలుగా కాదు, పరీక్షకి చదివినట్టు. ఈ పెద్ద ఓడలు మన ఊహకందవు. 2024లో తిరగడం మొదలెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ పొడవు 365 మీటర్లు, 20 డెక్కులు. ఈఫిల్ టవర్‌ని తెచ్చి పక్కన పడుకోబెట్టినా ఓడే ఇంకో 35 మీటర్లు పొడుగు. మేమెక్కింది దానికి తమ్ముడి వరసే అయినా, ప్లాన్లు ప్రింటు తీసి అతికిస్తే హాల్లో ఓ గోడ నిండిపోయింది. వచ్చినవాళ్లందరికీ ఆ గోడ దగ్గర పాఠం చెప్పేవాణ్ణి. పాపం, వాళ్లు కాసేపు కూర్చుని పోదామని వచ్చినవాళ్లు.

"తూగుడుబల్ల తెలుసు కదా? చివర్లు లేస్తాయి, పడతాయి. నడిమికేమీ కాదు. ఓడా అంతే. పక్కలకి ఒరగకుండా నీళ్లలోకి రెక్కలు చాపుతుంది గానీ, ముందు లేచి వెనక దిగే ఊపుకి ఆ రెక్కలు పెద్దగా అడ్డురావు. కాబట్టి గది నడిమిన ఉండాలి, కింది డెక్కుల్లో ఉండాలి." ఇది మొదటి పాఠం. రెండో పాఠం చప్పుళ్లది. ఈత కొలను డెక్కు కింద గది తీసుకుంటే తెల్లారకముందే నెత్తిమీద కుర్చీలు ఈడుస్తారు. నాట్యశాల పక్కన అయితే డప్పు గుండెల్లో మోగుతుంది. బాగా ముందుకి పోతే లంగరు గొలుసు మోత, బాగా వెనక్కి పోతే ప్రొపెల్లర్ల వణుకు. పక్కగదితో కలిపే తలుపున్న గదిలో పక్కవాళ్ల కాపురమంతా మన చెవిలోనే. కిటికీ ఉందని సంబరపడితే దాని ముందు నారింజరంగు లైఫ్‌బోటు వేలాడుతూ ఉండొచ్చు. టైటానిక్ మీద 2,200 మందికి పైగా ఉంటే ఉన్న 20 పడవల్లో చోటు 1,178 మందికే అయ్యింది. అప్పట్నుంచి ఓడలో ఉన్నవాళ్లందరికీ చోటుండాలన్నారు. మంచిదే. కానీ ఆ పడవలన్నీ ఎవరో ఒకరి కిటికీ ముందే కదా వేలాడాలి! ఆ ఎవరో ఒకరు నేను కాకూడదన్నదే నా మూడో పాఠం.

అలా వడపోసి వడపోసి ఒక గది తేల్చాను. 7246. ఏడో డెక్కు, సరిగ్గా నడిమి, ఎడమవైపు. పైన గదులు, కింద గదులు, అటూ ఇటూ గదులు. పరుపుల మధ్య చుట్టి పెట్టిన గాజుబొమ్మలా ఉంది. ఎదురుగా మాత్రం, నడవాకి ఆవలివైపు, ప్లానులో పేరూ ఊరూ లేకుండా కాస్త తెల్లగా ఉంది.

"అక్కడేముంది?" అని టికెట్లు చేసే కుర్రాణ్ణి అడిగాను. అడిగానా లేదా? అడిగాను. మా ఆవిడ సాక్షి.

"ఏమీ లేదు సార్. అందుకే తెల్లగా ఉంది" అన్నాడు.

నాకు ఆ తర్కం ఎంత నచ్చిందంటే, "చూశావా, ఎదురిల్లు కూడా లేదు" అని మా ఆవిడతో గొప్పలు పోయాను.

ఓడెక్కడం, లైఫ్‌జాకెట్ డ్రిల్లు, రైలింగు పట్టుకుని ఫోటోలు, ఇవన్నీ ఎవరికైనా ఒకేలా జరుగుతాయి. వదిలేద్దాం. రాత్రి రెండు గంటలకి వద్దాం.

గడగడగడగడ... ఠంగ్.

కాసేపు ఏమీ లేదు. కలేమో అనుకున్నా. గడగడగడగడ... ఠంగ్. మా ఆవిడ హాయిగా నిద్రపోతోంది. తన చెవుల్లో ఇయర్‌ప్లగ్గులున్నాయి. కొన్నది నేనే. నా ఎంపిక మీద నాకున్న నమ్మకం కొద్దీ నాకు కొనుక్కోలేదు. తువ్వాలు తలకి చుట్టుకుని చెవులు మూసుకున్నాను. ఓడ గోడలు ఉక్కువి, అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. అలాంటి గోడల్లో చప్పుడు ఎటునుంచి పుట్టిందో కనుక్కోవడం కష్టం. తల తీసుకెళ్లి ఏ గోడకి ఆనించినా ఆ గోడలోంచే వస్తున్నట్టుంది. చివరికి మంచమ్మీద నిలబడి పైకప్పుకి చెవి ఆనించి, దొంగ పైనే ఉన్నాడని తీర్మానించాను.

తువ్వాలు తలమీంచి భుజమ్మీదకి దించి, బనీను మీదే బయటికొచ్చాను. వెనకాల తలుపు క్లిక్కుమంది. తలుపు తీసే కార్డు లోపల, లైట్ల కోసం గోడకుండే సందులోనే ఉండిపోయింది.

సరే, వచ్చిన పని చూసుకుందామని మెట్లెక్కి ఎనిమిదో డెక్కుకి పోయాను. అక్కడ పిల్లి నడిచినా వినపడేంత నిశ్శబ్దం. అదే కార్పెట్టు, అవే తలుపులు, అవే దీపాలు. కార్పెట్టు మీద చేపల బొమ్మలున్నాయి. ఆ చేపలన్నీ ఓడ ముందువైపుకే ఈదుతుంటాయి, దారి తప్పినవాళ్లకి గుర్తుగా. ఆ వివరం కూడా నాకు ముందే తెలుసు. చేపల వెంట చివరిదాకా నడిచాను, చేపలకి ఎదురు తిరిగి వెనక్కి నడిచాను, ఎక్కడా దొంగ లేడు. ఇక మా గదికొచ్చేశాను. మెట్లెక్కినట్టు గుర్తుంది. దిగినట్టు కూడా గుర్తుంది. దిగింది మనసొక్కటేనని, కాళ్లు పైనే ఉన్నాయని తర్వాత తెలిసింది. నంబరులో మొదటి అంకె డెక్కుది. నేను చివరి మూడే చూశాను. 246. మనదే.

టక్‌టక్. "ఏమోయ్, నేనే."

ఉలుకూ పలుకూ లేదు. ఇయర్‌ప్లగ్గులు కదా. ఈసారి అరచేత్తో. "ఏమోయ్! తలుపు తియ్యి!"

తలుపు తెరుచుకుంది. ఆరడుగుల పైన ఎత్తు, తెల్లగడ్డం, చారల పైజమా, ముక్కుమీదకి జారిన కళ్లద్దాలు. తెల్లదొర ఒకాయన.

ఆ క్షణం గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మీ గది తలుపు కొడితే, అర్ధరాత్రి, పైజమాలో మరో మగాడు తలుపు తీస్తే, మొదట వచ్చే ఆలోచన "గది తప్పాను" అని కాదు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, అనుభవమయ్యేదాకా. మొదట వచ్చేది "ఈయనెవరు?" రెండోది "మా ఆవిడేది?" ముప్ఫయ్యేళ్ల కాపురం కళ్లముందు గిర్రున తిరుగుతుండగా, మూడోదిగా, చాలా తాపీగా, తలుపు మీది 8 కనిపిస్తుంది. అప్పటికి సంజాయిషీ చెప్పుకునే సమయం దాటిపోయింది. ఎందుకంటే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. బనీను. భుజాన తువ్వాలు. అర్ధరాత్రి తలుపు కొట్టిన వైనం.

"తొమ్మిదింటికి చెప్పాను. ఇప్పుడా తేవడం?" అని ఇంగ్లీషులో అంటూ నా భుజమ్మీది తువ్వాలు తీసేసుకున్నాడు.

నేనేమన్నానో తెలుసా? "సారీ సర్."

తువ్వాలు లోపల పెట్టొచ్చి ఒక ట్రే నా చేతిలో పెట్టాడు. రెండు కప్పులు, నలిపేసిన న్యాప్కిన్లు. నేను దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను, ప్రసాదంలా. ఎందుకు పట్టుకున్నావని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఒకరు ట్రే ఇస్తే మీరు పట్టుకోరా? పట్టుకోకపోతే కిందపడుతుంది కదా! అసలు సిగ్గుపడాల్సింది ఆ తర్వాత మాటకి. తలుపు తెరిచే ఉంది, లోపల్నుంచి గడగడా లేదు, ఠంగూ లేదు, సముద్రం లాలిపాట ఒక్కటే వినిపిస్తోంది. ఉండబట్టలేక అడిగేశాను.

"గదిలో చప్పుళ్లేమైనా వస్తున్నాయా సర్?"

ఆయన ముఖం విప్పారింది. ఓడవాళ్లు అర్ధరాత్రి కూడా ఇంత శ్రద్ధగా కనుక్కుంటున్నారే అని మురిసిపోయినట్టున్నాడు. ఏమీ రావట్లేదట. పసిపిల్లాడిలా నిద్రపడుతోందట. "మేము ఎంచుకోనేలేదు తెలుసా, గ్యారంటీ తీసుకున్నాం, వాళ్లే ఇచ్చారు!" అని నా చేతిలో ఒక నోటు కూడా పెట్టి తలుపేసుకున్నాడు.

గ్యారంటీ!

ట్రేతో మెట్లు దిగి, ఈసారి నాలుగంకెలూ పైకి చదువుకుంటూ 7246 ముందుకొచ్చాను. అప్పుడే ఎదుటి గోడ తెరుచుకుంది. అవును, గోడే. గోడరంగే వేసిన తలుపది, నంబరు లేదు, పేరు లేదు. లోపల ఉక్కు బల్లలు, కప్పుల అరలు, ఒక సర్వీసు లిఫ్టు. లోపల్నుంచి తోపుడుబండి బయటికొస్తోంది. ఒక చక్రం సొట్టది. గడగడగడగడ. గడప దగ్గర ఉక్కుపట్టీ. ఠంగ్. బండి తోస్తున్న కుర్రాడు నన్ను చూశాడు, నా చేతిలో ట్రే చూశాడు, చిరునవ్వు నవ్వి అందుకుని బండిమీద పెట్టుకుని వెళ్లిపోయాడు. తోటి ఉద్యోగిననుకున్నాడో ఏమో.

ప్లానులో తెల్లగా ఉన్న చోటంటే ఖాళీ అని కాదట. ప్యాంట్రీలు, స్టోర్లు, సిబ్బంది దారులు, అంటే ప్రయాణికుడికి చెప్పక్కర్లేదనుకున్నవన్నీ తెల్లరంగే. రిసెప్షన్లో గది మార్చమంటే "ఓడ నిండిపోయింది సర్" అన్నారు, నేనడక్కముందే అన్నంత వేగంగా. టికెట్ల కుర్రాడికి వైఫై కొనుక్కుని మరీ మెసేజ్ పెడితే, "సార్, నడిమి గది కావాలన్నది మీరే కదా" అని ఓ నవ్వుముఖం పెట్టాడు. నవ్వుముఖం!

మూడో రోజు మా ఆవిడతో లిఫ్టులో వెళ్తున్నా. బటన్లలో 12 తర్వాత 14 ఉంది. పదమూడంటే కొందరికి భయమని మధ్యలో ఓ డెక్కు నంబరే ఎగరగొట్టేశారు. ఒకరిద్దరి భయానికి ఓడ లెక్కే మార్చినవాళ్లకి, ఆ తెల్లమచ్చ మీద "ప్యాంట్రీ" అని రెండక్షరాలు రాయడానికి తీరిక లేకపోయిందా అని నేను ఉపన్యాసం ఎత్తుకునేలోపు లిఫ్టు ఆగింది. తెల్లగడ్డం ఎక్కింది. నన్ను చూడగానే ఆప్తుణ్ణి చూసినట్టు చెయ్యి ఊపి, "ఈ రాత్రికి రెండు తువ్వాళ్లు, 8246, మర్చిపోకు" అన్నాడు.

మా ఆవిడ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఎవరండీ ఆయన? తువ్వాళ్లేంటి?"

"యెస్ సర్" అన్నాను నేను.